కోసిన చేతికి మిగిలేది

కత్తిని స్టవ్ మంట మీద కాల్చి, చల్లారడానికి ప్లేటులో పెట్టి చాలాసేపయింది. ఇప్పుడది చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది, ఒక్క కోత కోయడం తప్ప దానికి ఇంక వేరే పనేమీ లేదు, అయినా పిచ్చుక లేచి వెళ్ళి దాన్ని మళ్ళీ మంట మీద పెట్టింది. పిచ్చుక అసలు పేరు కాదు, అన్నయ్య పెట్టిన పేరు. ఆయన పోయాక ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కతే మిగిలింది, వదిన. ఆ వదిన పొద్దున్నే ఫోన్ చేసి, మధ్యాహ్నం లోపల వస్తానంది. "ఇల్లు ఖాళీ చేస్తున్నా పిచ్చుకా. మా డ్రైవింగ్ స్కూలు వెనక వీధిలో చిన్న గది దొరికింది. ఒక్కదానికి చాలు. కిటికీ ఒకటుంది, అందులో ఏదో ఒకటి పెట్టకపోతే ఎదురింటాయన పొద్దస్తమానం నన్నే చూస్తూ కూర్చునేలా ఉన్నాడు. మీ అన్న మొక్కలో నాకో ముక్క ఇవ్వు." అలాగే వదినా, రా, అంది పిచ్చుక. అనడానికి ఏమాత్రం ఆలోచించలేదు. ఫోన్ పెట్టేసి, కుర్చీ లాక్కుని మొక్క ఎదురుగా కూర్చుంది, అప్పుడు మొదలైంది ఆలోచన, మంట మీద పెట్టిన పాలు మొదట ఏమీ జరగనట్టే ఉండి తర్వాత ఒక్కసారిగా అంచుకొచ్చినట్టు.

కిటికీ పక్కన, మొక్క. ఆకులు ఒక్కొక్కటీ అన్నం పళ్ళెమంత, అంచుల నుంచి లోపలికి చీలికలు. కింది రెండు ఆకుల్లో ఆకుపచ్చ మీద ఎవరో సున్నం కుంచె విదిలించినట్టు తెల్ల చారలు. పైనున్న మూడు మాత్రం పూర్తిగా తెలుపు. కాగితం తెలుపు కాదు, పాల తెలుపూ కాదు, వెనక నుంచి వెలుతురు పడితే లోపలి ఈనెలు కనిపించే తెలుపు, జ్వరం దిగిన మనిషి కనురెప్ప లాంటి తెలుపు. చూసినవాళ్ళెవరైనా ముందు ఆ మూడింటినే చూస్తారు. నీళ్ళ డబ్బా తెచ్చే మనిషి సైతం గుమ్మంలో ఆగి, ప్లాస్టిక్కా అమ్మా, అని అడిగాడు. కాదన్నాక ఒకసారి ముట్టుకుని, చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. ఎందుకు తుడుచుకున్నాడో అతనికీ తెలిసి ఉండదు. అన్నయ్య అయితే ఆ తెలుపుని అల్లుడనేవాడు. "తెలుపు ఇల్లరికపుటల్లుడే పిచ్చుకా. చూడ్డానికి బాగుంటాడు, నలుగురూ వచ్చి మెచ్చుకుంటారు, పని మాత్రం చెయ్యడు. పాపం ఆకుపచ్చ మామగారు ఎండలో నిలబడి వండిపెడితే కూర్చుని తింటాడు." మరి కొమ్మంతా అల్లుళ్ళే అయితే? "ఏముంది, పస్తే. కిందనుంచి మామగారు పంపినన్నాళ్ళు తింటారు. తెంపి పక్కన పెడితే, ఒంట్లో ఉన్నది అయిపోయేదాకా దర్జాగా ఉంటారు, తర్వాత చప్పుడు చెయ్యకుండా పోతారు." ఈ మాట చెప్పి ఆయన నవ్వాడు, నవ్వులోంచి దగ్గులోకి వెళ్ళాడు, దగ్గులోంచి బయటికొచ్చి మంచినీళ్ళు అడిగాడు. అప్పటికి ఆ దగ్గు ఇంకా దుమ్ము వల్లే. ఆయన లిఫ్టు మెకానిక్కు. పొద్దంతా ఆ చీకటి గూళ్ళలో, తాళ్ళ మధ్య, గ్రీజు మధ్య ఉండేవాడికి దుమ్ము పట్టక ఏం పడుతుంది, అనేవాళ్ళందరూ. వదిన కూడా అంది. పిచ్చుక కూడా అంది, ఆమె మనుషుల చెవులు పరీక్ష చేసే ఉద్యోగంలో ఉంది, ఏ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో పోల్చడమే ఆమె చదువు, అయినా దుమ్మేనంది.

లిఫ్టుల వల్లే ఆయనకి మొక్కల పిచ్చి పట్టింది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో, హోటళ్ళలో గూట్లోంచి పైకొచ్చేసరికి ముందు గదిలో కుండీలుంటాయి. చీకట్లోంచి వచ్చిన కంటికి మొదట కనిపించేది ఆకు. వాడిపోయిందని పారేసేవాటిని ఆయన అడిగి, పనిముట్ల సంచిలో వేసుకుని తెచ్చేవాడు. మామూలు మొక్కలతో మొదలై, మచ్చల మొక్కల్లోకి, అక్కణ్ణించి ఎక్కడా దొరకని మచ్చల మొక్కల్లోకి దిగబడ్డాడు, చెల్లెల్ని కూడా దింపాడు. ఈ మొక్క ఇద్దరూ కలిసి కొన్నది. ఎప్పుడూ చూడని ఎవరో అమ్మేమనిషి, ఫోన్లో ఒక ఫోటో, ఫోటోలో రెండాకులు, సగం రాత్రి సగం పగలు లాంటివి. ఇద్దరూ చెరిసగం వేసుకున్నారు, ధర ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు, వదినకి మాత్రం చివరి సున్నా మింగేసి చెప్పారు. దానికే ఆమె నోరు తెరిచి, "ఆకుకి అంతా? కనీసం వండుకు తినొచ్చా?" అంది. పార్సిలు విప్పిన రోజు ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. తడి నాచులో చుట్టిన వేళ్ళు, పురిటి బట్టల్లో చుట్టినట్టు. అన్నయ్య ఊపిరి బిగపట్టుకుని విప్పాడు. ఆకు విచ్చుకోగానే జోకులేసే వదిన కూడా ముందుకి వంగి చూసింది.

చెరిసగం. ఆ మాట దగ్గరికే వస్తాయి అన్నీ. చిన్నప్పుడు ఇంట్లో ఒక ఆపిల్ పండు, ఇద్దరు పిల్లలు, ఒక కత్తి. అమ్మ తగువు తీర్చే మనిషి కాదు, తీర్పులంటే ఆమెకి విసుగు. ఒకరు కొయ్యండి, రెండోవాళ్ళు ఎంచుకోండి, అనేది, తన పని తను చూసుకునేది. కోసినవాడికి ఎంచుకునే హక్కు లేదు గనక కోసే చెయ్యి తనంతట తనే నిజాయితీ నేర్చుకుంటుందని ఆమె ఎక్కడ కనిపెట్టిందో. అన్నయ్య దారంతో కొలిచి కోసేవాడు. పిచ్చుక ఎంచుకోవడానికి అంతసేపు తీసుకునేది, ముక్కలు గోధుమరంగుకి తిరిగేదాకా. తర్వాత అన్నిటికీ అదే, గదులకి, దుప్పట్లకి, నాన్న పోయాక ఆయన గడియారానికీ గొడుగుకీ కూడా. కోసిన చెయ్యి ఎంచుకోదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ మాట విని వదిన విరగబడి నవ్వింది. "ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఏదో సామెత అనుకున్నా. మీ ఇంట్లో నిజంగానే కోసి పంచుకుంటారన్నమాట!" ఇప్పుడు ఆ సామెత పిచ్చుకకి వద్దన్నా గుర్తొస్తుంది. మొగుడు పోయాడు. అర్ధమొగుడు మిగిలింది. ఆ మిగిలిన అర్ధం దగ్గరికే ఆవిడ ఇప్పుడు ఒక ముక్క అడగడానికి వస్తోంది.

మొక్క అన్నయ్య ఇంట్లో పెరిగి పైనున్న అరని తాకాక, ఇక పంచుకుందామన్నాడు. ఆ సాయంత్రం, ఆ వంటగది బల్ల, ఆ బల్ల మీద పరిచిన పాత క్యాలెండరు కాగితం. ఈసారి కోత పిచ్చుకది, ఎంపిక ఆయనది. ముక్క అంటే బిడ్డ కాదని ఆయనే నేర్పాడు, ముక్క కూడా అదే మొక్క, రెండిళ్ళలో ఉన్నా ఒకే ఒళ్ళు, ఒక ఇంట్లో పోయినా ఇంకో ఇంట్లో ఉంటుంది, అందుకే అరుదైనదాన్ని ఎప్పుడూ ఒక్క ఇంట్లోనే ఉంచకూడదని. కొమ్మని ఎక్కడ పడితే అక్కడ కొయ్యకూడదని కూడా ఆయనే నేర్పాడు. ప్రతి కణుపు దగ్గరా చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని కన్ను అంటారు, కొత్త చిగురు వచ్చేది దాంట్లోంచే. కన్ను ఆకుపచ్చ గీత మీద ఉంటే వచ్చేది మామూలు మొక్క, తెల్ల గీత మీద ఉంటే వచ్చేది అల్లుడు. రెండు గీతలూ కలిసే అంచు మీద ఉన్న కన్నే కన్ను. ఆ రోజు కొమ్మ మీద అలాంటివి రెండున్నాయి, జానెడు దూరంలో, ఒకదాని పైన ఒకటి. వాటి పైన అంతా తెలుపే. రెండు కళ్ళ మధ్యన కోస్తే ఇద్దరికీ చెరో కన్ను. అన్నయ్య బొటనవేలి గోటితో నొక్కి చూపించాడు, "ఇదిగో, ఇక్కడ." కత్తి పెట్టింది. సరిగ్గా అప్పుడే ఆయన దగ్గాడు. మామూలు దగ్గు కాదు, అడుగున ఎక్కడో తడి బల్లని లాగినట్టున్న శబ్దం, ఆమె చెవి ఆ శబ్దం వైపు వెళ్ళింది, చెవి వెంట చెయ్యి వెళ్ళింది. కోత రెండు కళ్ళకీ పైన పడింది. తెల్లకొమ్మ ఆయన అరచేతిలోకి రాలింది, కన్నులేనిది. కుండీలో మోడు, రెండు కళ్ళతో.

ఎంచుకోవలసింది ఆయన. కుండీ ఆయన వైపే ఉంది. ఒక్క చెయ్యి చాపితే చాలు. ఆయన చేతిలో ఉన్నదాన్ని చూశాడు, కుండీని చూశాడు, మళ్ళీ చేతిలో ఉన్నదాన్ని చూసి, వేళ్ళు ముడిచి, "ఇది నాది" అన్నాడు. తర్వాత, "బాగా కోశావు పిచ్చుకా." కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి. అదే, ఆ కళ్ళద్దాలే ఆమెని నిలవనివ్వనివి. అవి ముక్కు మీద ఉండి ఉంటే ఆయన చూశాడని తెలిసేది, తెలిసే ఎంచుకున్నాడని తెలిసేది. జేబులో ఉండి ఉంటే చూడలేదని తెలిసేది. నుదుటి మీద ఉన్నాయి. దగ్గర వస్తువుకి ఆయనకి అద్దాలు ఒక్కోసారి కావాలి, ఒక్కోసారి అక్కర్లేదు. అన్నయ్యా దానికి కన్ను లేదు, అని తను అందా? కొన్ని రోజులు జ్ఞాపకంలో అంటుంది, నోరు తెరుచుకోవడం, బల్ల మీద కాగితం అంచు, తన గొంతు, అన్నీ స్పష్టంగా ఉంటాయి. కొన్ని రోజులు జ్ఞాపకంలో ఎవరూ ఏమీ అనరు. జ్ఞాపకాన్ని ఎన్నిసార్లు తీసి చూస్తే అన్నిసార్లు దాని మీద తన వేలిముద్రలే పడతాయి, చివరికి కింద ఉన్నది కనిపించకుండా పోతుంది.

ఆమె పనిచేసే చోట ఒక గది ఉంది, గదిలో ఇంకో గది, గోడలకి దళసరి మెత్తలు, తలుపు మూస్తే బయటి లోకం చచ్చిపోతుంది. చెవి వినపడని మనిషి లోపల కూర్చుంటాడు, ఆమె అద్దానికి ఇవతల. ఎంత సన్నగా వినిపించినా సరే బొత్తాం నొక్కండి, అని చెబుతుంది. శబ్దాన్ని తగ్గిస్తూ తగ్గిస్తూ పోతుంది. వినికిడి అంచుకి వచ్చాక మనుషులు చిత్రంగా మారతారు. ఆమె ఏ శబ్దమూ పంపకపోయినా నొక్కుతారు. అబద్ధమాడి కాదు. ఎదురుచూపు తనే ఒక శబ్దం చేస్తుంది లోపల. అలా లేనిదానికి నొక్కుతూ పోయిన ఒక పెద్దాయన, బయటికొచ్చాక, "వినిపించిందమ్మా, ఒట్టు, మా ఆవిడ పక్క గదిలో గాజులు సర్దుకున్నట్టు" అన్నాడు. ఆమె కాగితం మీద తప్పు నొక్కు అని రాసి, మళ్ళీ మొదట్నించి పరీక్ష పెట్టింది. అందరూ వెళ్ళిపోయాక ఒక్కోరోజు తనే లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. చెవులకి తొడుగు పెట్టుకుని, శబ్దమేదీ లేకుండా. అక్కడ మొదట తన నెత్తురు వినిపిస్తుంది, తర్వాత అది కూడా సద్దుమణిగాక, బాగా కోశావు పిచ్చుకా. ఒకసారి వేళాకోళం. ఒకసారి దెప్పు. ఒకసారి, అన్నిటికంటే సన్నగా, సెలవు తీసుకోవడం. ఏ మనిషికి ఏ చెవితో ఎంత వినిపిస్తుందో గీత గీసి చూపించగలదు గాని, ఆ మూడు మాటల్లో ఏముందో ఇన్నాళ్ళయినా తేల్చుకోలేకపోయింది.

లిఫ్టు కదిలింది. కింద ఎక్కడో తలుపు పడటం, మోటారు మూలుగు, తాళ్ళ సన్నటి వణుకు గోడలోంచి. లిఫ్టు ఊపిరి తీసుకుంటుంది, వినవే, అనేవాడు అన్నయ్య. ఊపిరి పైకొస్తోంది. వదినే. పిచ్చుక లేచింది, కూర్చుంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, కత్తిని ప్లేటులో తిన్నగా పెట్టింది. లిఫ్టు ఆమె అంతస్తులోనే ఆగింది. తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు కోసం చూసింది. లేదు. తలుపు తెరుచుకునే ఉంది, దాని లోపలి ఫ్యాను తిరగడం వినిపిస్తోంది, అడుగులు లేవు. వెళ్ళి గుమ్మం తీసింది. ఎదురుగా వెలుగుతున్న ఖాళీ పెట్టె. లోపలి అద్దంలో గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి, ఆమె వెనక దూరంగా కిటికీ, కిటికీలో మూడు తెల్ల మచ్చలు. గ్రీజు వాసన. అన్నయ్య చొక్కాల వాసన, ఎన్నిసార్లు ఉతికినా పోదని వదిన తిట్టే వాసన. లిఫ్టన్నాక గ్రీజు వాసన రాక సాంబ్రాణి వాసన వస్తుందా, అనుకుంది. ఎవరో మీట నొక్కి, ఆలస్యమవుతుందని మెట్లెక్కి పోయి ఉంటారు. తలుపు రెండు పక్కల నుంచీ వచ్చి మూసుకుంది. తప్పు నొక్కు.

ఆ రోజు తీసుకున్న తెల్లకొమ్మని అన్నయ్య మంచం పక్కన గాజు గ్లాసులో పెట్టుకున్నాడు. దానికి వేళ్ళు కూడా వచ్చాయి, ఆశ్చర్యం, కన్ను లేకపోయినా వేళ్ళు వస్తాయి, వేళ్ళు రావడానికి పెద్ద యోగ్యతేమీ అక్కర్లేదు. "చూశావా, ఎలా పోస్తోందో" అని గ్లాసు ఎత్తి చూపించాడు, అప్పటికి ఆయన చెయ్యి గ్లాసుకంటే పల్చగా ఉంది. బాగుందన్నయ్యా, అంది. మామగారు లేని అల్లుడు వేళ్ళు పోసుకుని ఏం చేస్తాడని ఆయనకి తెలియదా? తర్వాత ఆకుల అంచులు మారడం మొదలైంది. మనిషికి ఊపిరితిత్తులు చెడ్డాయి, ఆకుకి పచ్చదనం లేదు, రెండూ వేరు, వేరువేరు శాస్త్రాలు, వేరువేరు పుస్తకాలు. పోలిక పెట్టడం మనసుకున్న చెడ్డ అలవాటు, దొరికిన ప్రతి రెండిటినీ ముడేసి ఊరుకుంటుంది. ఆమె ముడెయ్యకుండా ఉండటానికి చాలా కష్టపడింది. అదే రోజుల్లో ఇక్కడ, ఈ కిటికీలో, మోడు మీది పై కంట్లోంచి ఒక ఆకు వచ్చింది, సరిగ్గా సగం పగలు, సగం రాత్రి, ఈనె మీద గీత గీసినట్టు. ఫోన్లో ఫోటో తీసింది. ఆయన మంచం పక్కన కూర్చుని, ఫోన్ చేతిలో తిప్పుతూ తిప్పుతూ, చూపించకుండానే సంచిలో వేసుకుంది. ఆ తర్వాత ఆకు ఇంకాస్త తెలుపు, ఆ రెండూ నిలవలేదు. ఆయన పోయాక వచ్చినవి మూడూ పూర్తి తెలుపు. దానికీ శాస్త్రం ఉంది, చిగురు కొసలో ఏ కణం ముందుకొస్తే దాని రంగు, ఎవరి చేతుల్లోనూ లేనిది, బొమ్మా బొరుసూ లాంటిది. కాని పొద్దున లేచి కిటికీ తెర తీసినప్పుడల్లా ఆమెకి శాస్త్రం గుర్తుకు రాదు. అదే ఒళ్ళు కదా. అక్కడ ఎండిపోయినదే ఇక్కడ మళ్ళీ ఆకు వేస్తోంది. ఆయన ఎంచుకుని పట్టుకుపోయినది, నా ఇంట్లో, నా కిటికీలో, ఒకటి, ఒకటి, ఇంకొకటి. ఏమడుగుతోంది? అడిగేది ఏదైనా ఉంటే నోరున్న మనుషుల్ని అడగొచ్చుగా. వదినని అడగొచ్చుగా.

వదిన వచ్చి ఏది తీసుకుంటుందో పిచ్చుకకి తెలుసు. ఇప్పుడు కొమ్మ మీద పనికొచ్చే కన్ను ఒక్కటే మిగిలింది, కింది రెండు చారల ఆకుల మధ్య, బియ్యపు గింజంత. దాని పైన కొయ్యాలి, ఇంక వేరే దారి లేదు, ఎంత పెద్ద ధర్మరాజుకైనా దాన్ని రెండుగా పంచడం చేతకాదు. కోస్తే పైన మూడు తెల్లాకులు, వెలుగుతూ. కింద రెండు పాత ఆకులు, ఒకదాని చివర చిరిగింది, ఓ మోడు. కళ్ళున్న ఎవరైనా పైదే తీసుకుంటారు. పక్కింటావిడ తీసుకుంటుంది, అమ్మ తీసుకుంటుంది, నీళ్ళ డబ్బా మనిషి తీసుకుంటాడు. వదిన సంతోషంగా తీసుకుపోతుంది, ఆ కొత్త గది కిటికీలో పెట్టుకుంటుంది, ఎదురింటాయన తన్మయుడైపోతాడు, కొన్ని వారాలు. ఆ తర్వాత ఒక ఫోన్ వస్తుంది. అయ్యో వదినా, నీళ్ళెక్కువయ్యాయేమో, అనొచ్చు. కుండీ ఇక్కడే ఉంటుంది. అన్నయ్యది అంటూ మిగిలినది ఇదొక్కటే, దాని కన్ను ఇక్కడే ఉంటుంది. దీనికోసం ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. కొయ్యడం, ఊరుకోవడం, అంతే. కోసిన చెయ్యి ఎంచుకోకూడదంది అమ్మ, కోసినవాళ్ళు నోరు విప్పాలనలేదు. ఈ ఆలోచన ఎంత తీరుగా, ఎంత మడతలు నలగకుండా వచ్చిందో చూసి ఆమెకి భయమేసింది. ఇది ఇప్పుడు వచ్చింది కాదు. పొద్దున, అలాగే వదినా రా, అన్నప్పుడే ఇది లోపల బట్టలు కట్టుకుని సిద్ధంగా కూర్చుని ఉంది.

గుమ్మం మీద తట్టిన చప్పుడు. లిఫ్టు వినిపించనేలేదు.

"మెట్లెక్కొచ్చా" అంది వదిన రొప్పుతూ, చెప్పులు ఒకటిటు ఒకటటు వదిలేస్తూ. "మీ లిఫ్టు ఎక్కడ ఆగుతుందో దానికే తెలీదు. దానికి నేనైతే లైసెన్సివ్వను. నీళ్ళివ్వవే ముందు." చిక్కింది. ముఖంలో కాదు, మెడలో. డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఎండ పడే ఎడమ చెయ్యి మాత్రం ఎప్పటిలాగే రెండు రంగులు తేడాగా నల్లగా ఉంది. నీళ్ళు తాగుతూ తాగుతూ గ్లాసు అంచు మీదుగా కిటికీ వైపు చూసి, తాగడం ఆపేసింది.

"ఇంత తెల్లబడిందేంటే."

"వాటంతటవే వచ్చాయి వదినా."

వదిన దగ్గరికి వెళ్ళింది గాని ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక కట్టుకుని, కొత్తగా కారు నేర్చుకునేవాళ్ళని చూసినట్టు, కింద నుంచి పైకి చూసింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు తెల్లాకుల్లోంచి దిగి ఆమె గడ్డం కింద పడుతోంది. "కొయ్యి మరి" అంది.

"నేను కోస్తా. నువ్వెంచుకో."

"ఓహో. మీ అన్నాచెల్లెళ్ళ చట్టం. ఆయన పోయినా అమల్లోనే ఉందన్నమాట."

కత్తి చల్లగా ఉంది. పిచ్చుక ఎడమచేత్తో కొమ్మ పట్టుకుంది, బొటనవేలి కింద కన్ను తగిలింది, గట్టిగా, మూసిన రెప్ప కింద గుడ్డులా. దాని పైన, సరిగ్గా ఎక్కడ కొయ్యాలో అక్కడ కోసింది. ఎవరూ దగ్గలేదు. ఎవరూ దగ్గకపోవడం చెవుల్లో హోరెత్తింది. మూడు తెల్లాకులూ ఒక్క బరువుగా ఆమె చేతిలోకి ఒరిగాయి, అనుకున్నదాని కంటే బరువుగా, తడిగా. వాటిని బల్ల మీద కాగితం పరిచి పడుకోబెట్టింది. పక్కన కుండీ, మోడు. రెండూ వదిన ముందుకి జరిపింది. వదిన చెయ్యి, ఆ నల్లటి ఎడమ చెయ్యి, లేచి, తెలుపు వైపు వచ్చింది. ఊరుకుంటే చాలు. ఒక క్షణం, ఇంకొక్క క్షణం. ఊరుకోవడం అంటే ఇంత చప్పుడుగా ఉంటుందా?

"అది కాదు వదినా." గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు, మెత్తల గదిలోంచి వచ్చినట్టుంది. "అది తీసుకోకు. అది బతకదు. కన్ను లేదు దానికి, పచ్చదనం లేదు, కొన్నాళ్ళు బాగుండి పోతుంది. కుండీ తీసుకో. ప్రాణమంతా కుండీలోనే ఉంది. నేను... నేను నీకు చెప్పకుండా..."

"తెలుసు" అంది వదిన. చెయ్యి తెల్లాకుల మీదే ఉంది.

"నీకెలా తెలుసు?"

"ఒకదాన్ని చూశానుగా." వదిన కాడ కిందికి వేళ్ళు పోనిచ్చి, నిద్రపోతున్న పిల్ల తల ఎత్తినట్టు ఎత్తింది. "నీలాగా చదివి చెప్పట్లేదే. ముందు అంచున టీ మరక పడ్డట్టవుతుంది. అది లోపలికొస్తుంది, ఈనె దగ్గర ఆగుతుంది. ఆగిందిలే అనుకుంటాం. ఓ రోజు పొద్దున చూస్తే దాటేసుంటుంది. నీళ్ళు రోజూ మారిస్తే వాసన రాదు. చెడ్డవైపు గోడకీ మంచివైపు మనిషికీ ఉండేలా కాస్త కాస్త తిప్పుతుండాలి. మధ్యాహ్నాలు తలుపేసి, ఫ్యాను తగ్గించాలి." ఆమె గొంతులో దుఃఖం లేదు, గేరు ఎప్పుడు మార్చాలో చెప్పే గొంతే అది. "ఇలాంటిదాన్ని చూసుకోవడం నాకొచ్చు పిచ్చుకా. అదొక్కటే వచ్చు ఇప్పుడు. ఆ కుండీ ఇచ్చావనుకో, బతికేదాన్ని పట్టుకుని నేనేం చెయ్యాలో నాకు తెలీదు."

పిచ్చుక తడి దూది తెచ్చి కాడ చివర చుట్టింది, దారం కట్టింది, ముడి ఒకసారి జారిపోతే మళ్ళీ కట్టింది. ఇన్నాళ్ళూ నోట్లో నానినది అప్పుడు బయటికొచ్చింది. "అన్నయ్య కూడా ఆ రోజు తెలిసే తీసుకున్నాడా వదినా?"

"అడగలేదు."

"ఎందుకని?"

"అడిగితే చెప్పేవాడు." వదిన కొంగుతో ఆకు మీద పడ్డ నీటిచుక్క అద్ది, చెప్పులు వెతుక్కుంది. గుమ్మంలో ఆగి, తెల్లకొమ్మని భుజం మీద పడుకోబెట్టుకుని, "పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడతా. మా స్టూడెంట్ల కంటే నయం, మాటిమాటికీ కేకలెయ్యదు" అంది. అని, ముందు తనే నవ్వబోయి, నవ్వు సగంలో ఆగిపోయి, మెట్లు దిగింది. ఆమె అడుగులు ఒక్కో అంతస్తూ దిగడం పిచ్చుక చివరిదాకా విన్నది. చివరి అడుగు ఏదో మాత్రం చెప్పలేకపోయింది. అది వినిపించిందో, వినిపించాలని తను అనుకుందో.

లోపలికొచ్చింది. కిటికీ ఒక్కసారిగా ఖాళీ అయి, గదిలోకి మామూలు వెలుతురు వస్తోంది. కొమ్మ తెగిన చోట జిగురు చుక్కగా ఊరి నిలబడింది. కత్తి పట్టిన వేళ్ళ మధ్య ఆ జిగురు అంటి దురద పెడుతోంది, కడుక్కోవాలనిపించలేదు. మొదటిసారి కోసినప్పుడు అన్నయ్య దీన్ని వదిలేసి వెళ్ళాడు, ఇప్పుడు వదిన వదిలేసి వెళ్ళింది. బతికేది, రెండుసార్లూ ఎవరూ ఎంచుకోనిదై, ఆమె దగ్గరే ఉండిపోయింది. దీంట్లోంచి తెలుపు వస్తుందో, పచ్చ వస్తుందో, రెండూ వస్తాయో చెప్పడానికి ఎవరూ లేరు. అసలు రాకపోవచ్చు కూడా. కుర్చీ దగ్గరికి లాక్కుని, వంగి, రెండు ఆకుల మధ్య బియ్యపు గింజంత కన్ను కోసం వెతికింది. కనిపించలేదు. ఇంకా వంగింది. అప్పుడు అర్థమైంది, అక్కడ చీకటిగా ఉన్నది తన తల నీడ వల్ల అని. పిచ్చుక కుర్చీలోంచి లేచి, దానికి వెలుతురు తగిలేలా పక్కకి జరిగి నిలబడింది.